మా ఆయన మౌనం వెంట మిర్యాలగూడ దాకా

మిర్యాలగూడ వెళ్ళొచ్చామని చెబితే ఖమ్మంలో ఎవరైనా ముందు అడిగేది బియ్యం సంగతే. క్వింటా ఎట్లా ఇస్తున్నారు, సన్నవి తెచ్చారా, మాకూ ఒక బస్తా చెప్పకపోయారా అని. మేం వెళ్ళింది దేవుణ్ణి వెతకడానికని చెబితే, ఆయన ఖమ్మంలో లేడా అన్నట్టు చూస్తారు. వాళ్ళ చూపులో తప్పేం లేదు. బయల్దేరేటప్పుడు నేనూ మా ఆయన్ని అదే అడిగాను.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. మా ఆయన దానియేలు గారు పంచాయతీరాజ్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి ఈ ప్రయాణానికి ముందు ఏడే రిటైరయ్యారు. నేను గవర్నమెంటు హైస్కూల్లో తెలుగు చెబుతాను, నాకింకా సర్వీసుంది. రిటైరైన కొత్తలో ఆయన ఎవరో స్నేహితుడి మాట విని మూడు రోజుల మౌన ధ్యాన కూడికకు వెళ్ళారు. వెళ్ళిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు. వస్తూ వస్తూ ఒక చాప, ఒక లావుపాటి కొవ్వొత్తి, ఒక చిన్న ఇత్తడి గంట కొనుక్కొచ్చారు. తెల్లారగానే ముందు గదిలో చాప పడేది. ఆయన కళ్ళు మూసుకుంటే ఇల్లంతా నోరు మూసుకోవాలి. పాలవాడు కేకెయ్యకూడదు. నేను మిక్సీ వెయ్యకూడదు, వేస్తే దేవుడు లేచి వెళ్ళిపోతాడు. అందుకని ఆ ఏడంతా మా ఇంట్లో చట్నీ రోట్లోనే. ఆయన ఆత్మ ఎంత ఎదిగిందో నాకు తెలియదు గానీ, నా కుడి భుజం మాత్రం బాగా గట్టిపడింది.

చివరికి వేసవి సెలవులివ్వగానే ఒక రోజు పొద్దున్న గంట కొట్టి, కళ్ళు తెరిచి, అసలు మాట చెప్పారు. మిర్యాలగూడ అవతల ఒక ఆశ్రమం ఉందట. పెళ్ళాం పిల్లల బాధ్యతలు తీరిన క్రైస్తవులు అక్కడ చేరి, పని చేసుకుంటూ ధ్యానంలో బతుకుతారట. "ప్రభువు పిలిస్తే అక్కడే ఉండిపోతాను సుగుణా" అన్నారు. పిల్లల బాధ్యత తీరిన మాట నిజమే, ఇద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు. పెళ్ళాం బాధ్యత ఎప్పుడు తీరిందో మాత్రం నాకెవరూ చెప్పలేదు.

నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ రోజు నాకు నవ్వు రాలేదు. మొగుడు పోయినామెకు ఒక పేరుంది, మొగుడు వదిలేసినామెకు ఒక పేరుంది. మొగుణ్ణి దేవుడు తీసుకెళ్ళి మిర్యాలగూడలో పెడితే ఆమెను ఏమంటారు? పేరు సంగతి అట్లా ఉంచి, పొద్దున్నే ఆ చాప మీద ఆ మనిషి లేని ముందు గది ఎట్లా ఉంటుందోనని భయమేసింది. ఆ భయం ఆయనతో చెప్పలేదు. "ప్రభువు పిలిచేటప్పుడు నేనూ వింటాను, పదండి" అని నా చీరలు రెండు సంచిలో పెట్టుకున్నాను.

సూర్యాపేట: పొంగి దిగిన పూరీలు

దారిలో మొదటి మజిలీ మా ఆడపడుచు గ్రేసమ్మ ఇల్లు. సూర్యాపేట బస్టాండులో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బయట తాటిముంజలు డజను ఇరవై అంటే పదిహేనుకు బేరమాడి తిన్నాను. ఆయన తినలేదు, ఉపవాసం. మా ఊళ్ళో ముంజలు ఒలిచి ఆకులో పెట్టిస్తారు, ఇక్కడ కాయ కొట్టి చేతికిస్తారు, బొటనవేలితో తీసుకోవాలి. నీళ్ళు చిమ్మి నా జాకెట్టు మీద పడితే అమ్మే ఆమె తన కొంగుతో తుడిచింది. ఆ రోజు నాకు దొరికిన ఆత్మీయ స్పర్శ అదొక్కటే.

గ్రేసమ్మ గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. "వదినా, అన్న సన్నాసులల్ల కలుస్తుండని అందరు అనవట్టె. నిజమేనా?" అని అడిగింది. ఇంకా తేలలేదని చెప్పాను.

బావ వచ్చాడని వాళ్ళాయన చర్చి సంఘ పెద్దలు ముగ్గురిని రాత్రి భోజనానికి పిలిచాడు. పూరీలు, మాంసం కూర. కూర వడ్డించాక ప్రార్థన మొదలైంది. ఇక్కడ గ్రేసమ్మ పని తీరు చెప్పాలి. ఆమె పొయ్యి మీద మూకుడు పెట్టి, చెవి ముందు గదిలో పెడుతుంది. ఏ ప్రార్థనైనా చివర "అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ" అన్న మాటకు వస్తుంది గదా, ఆ మాట వినబడగానే పూరీ నూనెలో వేస్తుంది. ఆమేన్ అనేసరికి పూరీ పొంగి పళ్ళెంలో ఉంటుంది. పెళ్ళైన నాటినుంచీ ఇదే లెక్కట, ఎప్పుడూ తప్పలేదట.

ఆ రాత్రి తప్పింది. మొదటి పెద్దమనిషి "అడిగి వేడుకొనుచున్నాము" అనగానే ఆమె పూరీ వేసింది. ఆయన ఆమేన్ అనగానే రెండో ఆయన అందుకున్నాడు. పూరీ దిగిపోయింది. రెండో ఆయన ముగింపుకు ఇంకొకటి వేసింది, మూడో ఆయన అందుకున్నాడు. ఆయన రాజకీయ నాయకులందరి కోసం, వానల కోసం, సంఘానికి రావలసిన కొత్త మైకుసెట్టు కోసం ప్రార్థించాడు. ఇక అయిపోయిందనుకుంటే మా ఆయన గొంతు సవరించుకుని, ఇప్పుడు కాసేపు మౌనంగా దేవుని సన్నిధిని అనుభవిద్దాం అన్నారు. మౌనానికి ముగింపు మాట ఉండదు. గ్రేసమ్మ చేతిలో పూరీ పట్టుకుని నా వంక చూసింది, నేను పైకప్పు వంక చూశాను. చివరికి మగవాళ్ళు చల్లారిన పూరీలు తిని, పరలోక విందులా ఉందని మెచ్చుకున్నారు. మేం తినేసరికి కూరలో ముక్కలు లేవు.

కోదాడ దారి: గొర్రెపిల్ల

పొద్దున్న కోదాడ పల్లెవెలుగు ఎక్కాం. మా పక్క సీట్లో ఒక గొర్రెల కాపరి, ఒళ్ళో గోనెసంచిలో చుట్టిన గొర్రెపిల్ల. తల మాత్రం బయట పెట్టి అది నా చేతిసంచి నమిలే ప్రయత్నంలో ఉంది. నడిగూడెంలో మనవడికి ఇవ్వడానికి తీసుకెళుతున్నాడట. మా ఆయన మొహం వెలిగిపోయింది. పగలంతా మందతో ఒంటరిగా ఉంటావు గదా, ఆ మౌనంలో నీ మనసులో ఏం కదులుతుంది అని అడిగారు. ఏం కదలదు సార్, పక్కోని చేన్లో పడకుండా చూసుకోవడమే సరిపోతుంది అన్నాడతను.

మా ఆయన వదల్లేదు. వంద గొర్రెల్లో ఒకటి తప్పిపోతే, తొంభై తొమ్మిదిని విడిచి ఆ ఒక్కదాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన కాపరి కథ చెప్పారు. బాగా చెప్పారు కూడా, ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగి విన్నారు. కాపరి అంతా విని, జర ఆలోచించి అడిగాడు.

"గా తొంబైతొమ్మిదిటిని ఎవలకు అప్పజెప్పి పోయిండు సార్?"

అడవిలోనే విడిచి వెళ్ళాడని మా ఆయన చెప్పారు.

"అట్ల ఇడిసిపెడితె పొద్దుగూకేటాళ్ళకు సగమన్న ఉంటయా? ఇంటామెను కావలి నిలవెట్టి పోయుంటడు తియ్. ఆమె సంగతి ఎవ్వలు చెప్పరు."

నేను కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన నడిగూడెం స్టేజీ దాకా మౌనం పాటించారు. ఆ ఏడాదిలో నాకు నచ్చిన మౌనం అదే.

కోదాడ: గంటకోసారి

కోదాడలో దిగింది విక్టర్ గారింట్లో. మా ఆయన్ని ధ్యానంలోకి దించిన స్నేహితుడు ఈయనే. సిమెంటు, ఐరన్ షాపు. నిత్య జీవితంలో దేవుని సన్నిధిని ఎట్లా మరవకుండా ఉండాలో ఈయన దగ్గర నేర్చుకోవాలని మా ఆయన చాలాసార్లు చెప్పారు. అందుకని ఆ పూట షాపులోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆయన కిటుకు సెల్‌ఫోను. గంటకోసారి అలారం మోగుతుంది. మోగగానే ఏ పనిలో ఉన్నా ఆపి, కళ్ళు మూసుకుని, ఒక్క నిమిషం దేవుణ్ణి తలుచుకుంటారు. నేను చూస్తుండగా ఆలస్యంగా వచ్చిన ట్రాలీ డ్రైవర్ను తిడుతున్నారు. "నీ మొహానికి ఒక ఉద్యోగం, దానికి ఒక" అన్నదగ్గర అలారం మోగింది. కళ్ళు మూసుకున్నారు. మొహం పసిపిల్లాడి మొహంలా ప్రశాంతంగా అయింది. నిమిషం తర్వాత కళ్ళు తెరిచి, "జీతం" అన్నారు. డ్రైవరుకు అలవాటే కాబోలు, ఆ నిమిషం బీడీ వెలిగించుకున్నాడు.

తర్వాత ఇల్లు కట్టుకుంటున్న రైతు ఒకాయన వచ్చి ఇనుము రేటు కాస్త తగ్గించమని బతిమాలాడు. సరిగ్గా అప్పుడే మళ్ళీ మోగింది. విక్టర్ గారు కళ్ళు మూసుకోగానే, తగ్గించే విషయమే ఆలోచిస్తున్నాడనుకుని రైతు ఆశగా చూస్తూ నిలబడ్డాడు. చేతులు కూడా కట్టుకున్నాడు. కళ్ళు తెరిచి, "ఆ రేటుకి పడదండీ" అన్నారు విక్టర్ గారు. మా ఆయన నా చెవిలో, చూశావా, వ్యాపారం మధ్యలో కూడా ఎంత నిష్ఠో అన్నారు. నిష్ఠ నాకు కనబడింది. రైతుకే కనబడినట్టు లేదు.

రాత్రి వంటింట్లో ఆయన భార్యను అడిగాను, ఇంట్లో కూడా ఇట్లాగే మోగుతుందా అని. "ఇంటికి రాగానే ఫోను ఆపేస్తారు వదినగారూ. ఇల్లు ఎలాగూ దేవుడి సన్నిధే గదా, ఇక్కడ అలారం దేనికి అంటారు" అందామె, ఉల్లిపాయలు తరుగుతూ. ఆమె నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

మిర్యాలగూడ: ఊక, లారీలు, మౌనం

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా బస్సు. రోడ్డు గుంతలు గుంతలు. ఎగిరినప్పుడల్లా మా ఆయన సంచిలో ఇత్తడి గంట గణగణమంది. కండక్టరు గంట కొట్టాడనుకుని డ్రైవరు రెండుసార్లు పొలాల మధ్య బస్సు ఆపాడు. మూడోసారి కండక్టరు సంచీ దొరకబుచ్చుకుని, "పూజ సామాను ఒళ్ళో పట్టుకో పెద్దమనిషీ" అన్నాడు. మిగతా దారంతా మా ఆయన గంట నాలుకను రెండు వేళ్ళతో పట్టుకుని కూర్చున్నారు. పక్కన సాగర్ కాలవలో నీళ్ళు ఆపేశారు, అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

మిర్యాలగూడలో మౌనం వెతకడమంటే ఎట్లా ఉంటుందో చూసిన వాళ్ళకే తెలుస్తుంది. వేసవిలో కోసే యాసంగి వడ్లు వచ్చే కాలం. మిల్లుల ముందు లారీలు బారులు తీరి హారన్లు కొడుతున్నాయి. గాల్లో ఊక, బూడిద, ఉడికిన వడ్ల వాసన. ఆశ్రమం దామరచర్ల రోడ్డు వైపు, ఒక పాత గోడౌన్. మిల్లు శబ్దం అక్కడికీ వస్తుంది. ఇరవై నాలుగ్గంటలూ గోడ అవతల ఏదో రుబ్బుతున్నట్టే ఉంటుంది. మా ఇంట్లో నా మిక్సీకి లేచి వెళ్ళిపోయిన దేవుడు ఇక్కడ ఎట్లా కూర్చున్నాడని అడగబోయి, మొదటి రోజే ఎందుకులే అని ఊరుకున్నాను.

అక్కడ పెద్దను అందరూ పెద్దన్న అంటారు. ఒకప్పుడు సర్కారు దవాఖానలో కాంపౌండరుగా చేశాడట. మిగతా పదిమందీ మగవాళ్ళే. పగలు ఒకాయన ఆటో నడుపుతాడు, ఇద్దరు మిల్లులో చేస్తారు, ఒకాయన టైలరు. సాయంత్రానికి చేరి ప్రార్థనలో కూర్చుంటారు. భార్యలున్న వాళ్ళు లేరా అంటే, ఉన్నారు, ఊళ్ళల్లో ఉన్నారు అన్నారు. అక్కడినుంచి నాకు మింగుడు పడలేదు.

భోజనం మౌనంగా చెయ్యాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పచ్చడి కావాలంటే పక్కవాడు మన పళ్ళెం వంక చూసేదాకా ఆగాలి. పక్కవాడు ధ్యానంలో గట్టివాడైతే ఇక పచ్చడి లేనట్టే. మా ఆయన మొదటి రాత్రి మామిడి తొక్కు గిన్నె వంక చూసినట్టు పెళ్ళిచూపుల్లో నన్ను కూడా చూడలేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ ముందే తగిలింది. తినబోయే ముందు అలవాటు కొద్దీ ఆయన గొంతు సవరించుకున్నారు. పెద్దన్న వద్దని చెయ్యి ఊపాడు. ఆ పూట వండిన టైలరు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ప్రభువా, తింటున్నం. నీ దయ. ఆమేన్" అన్నాడు. అంతే. తర్వాత పెద్దన్న వివరించాడు. అక్కడ వండినవాళ్ళే ప్రార్థన చెయ్యాలి. చెయ్యి కాల్చుకోనివాడు నోరు తెరవకూడదు. ఉండిపోదామని వచ్చినవాడు మర్నాడు ఒక పూట అందరికీ ఒంటి చేత్తో వండి పెట్టాలి. ఆ మర్నాడు పొద్దున్నే ఉండేదీ పోయేదీ తనే తేల్చి చెప్పాలి.

నా నలభై తొమ్మిదేళ్ళ బతుకులో దేవుడి విషయంలో ఇంత న్యాయమైన నియమం వినలేదు. పుట్టింట్లో నాన్న, అత్తింట్లో మామగారు, తర్వాత ఈయన, బల్ల దగ్గర ప్రార్థన చేసింది ఎప్పుడూ కూర్చున్నవాళ్ళే. నేను గరిటె పట్టుకుని నిలబడి ఆమేన్ అన్నాను. అదే నియమం నా ఇంటిని విడగొట్టే పరీక్ష కూడా కావడమే నాకు ఏడుపు తెప్పించింది.

వంటింటి కిటికీ

మర్నాడు మధ్యాహ్నం ఆయన వంటింట్లోకి వెళ్ళారు. నువ్వు మా చుట్టానివి, ధ్యానం గదిలో కూర్చో అని పెద్దన్న నాతో అన్నాడు. కూర్చున్నాను. కళ్ళు కూడా మూసుకున్నాను. ఆ గదిలో నేను చేసిన ధ్యానమంతా గోడ అవతలి చప్పుళ్ళ మీదే. కత్తి ఒకసారి పడితే మళ్ళీ ఎంతసేపటికీ పడదు. మూత కిందపడి దొర్లింది. ఏదో మాడింది. ఈ మనిషి ఓడిపోతే ఇంటికొస్తాడని నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. అయినా చేతులు ఊరుకోవడం లేదు.

వెనక కిటికీ దగ్గర, "సుగుణా, ఒక్కసారి రా" అన్న గుసగుస వినబడింది.

వెళ్ళి చూస్తే పప్పు ఉడక్కముందే చింతపండు పులుసు పోసేశారు. ఇక ఆ పప్పు సాయంత్రం దాకా మంట పెట్టినా పలుకుతూనే ఉంటుంది. అన్నం అడుగంటింది. ఆయన చెమటతో తడిసి, చూపుడువేలు కోసుకుని, గుడ్డపీలిక చుట్టుకుని నిలబడి ఉన్నారు. మాట్లాడకుండా గిన్నె పక్కన పెట్టి కొత్తగా పప్పు వేశాను. బెండకాయలు వేయించాను, చారు పెట్టాను. ఆయన పక్కన నిలబడి అడిగినవి అందించారు, సగం తప్పుగా అందించారు. అందరూ వచ్చే వేళకు తువాలు భుజాన వేసుకుని, గరిటె నా చేతిలోంచి తీసుకుని, వంటవాడిలా గుమ్మంలోకి వెళ్ళారు.

అందరూ కూర్చున్నారు. ఆయన నిలబడి గొంతు సవరించుకున్నారు. అప్పుడు పెద్దన్న పళ్ళెం వంక చూస్తూ, నెమ్మదిగా, "ఎవరు వండిన్రు?" అన్నాడు.

"మేమే" అన్నారు మా ఆయన.

"మేమంటె?"

బయట మిల్లు తిరుగుతూనే ఉంది. మా ఆయన గరిటె వంక చూసుకున్నారు. అబద్ధం చెబితే ఆయన అనుకున్న బతుకు ఆయనకు దొరుకుతుంది. ఆయన మంచివాడన్న సంగతి ఈ ఏడాదిగా నేను మర్చిపోయాను గానీ, నిజంగా మంచివాడే.

"సుగుణ వండింది" అన్నారు.

"అయితె అమ్మనే చెయ్యాలె ప్రార్థన."

క్లాసులో అరవైమంది పిల్లల ముందు గంటలు గంటలు మాట్లాడతాను, కానీ భోజనం ముందు దేవుడితో పైకి మాట్లాడటం ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. కళ్ళు మూసుకుంటే ఏడుస్తానేమోనని తెరిచే ఉంచాను. అన్న మాటలు ఇవి.

"ప్రభువా, ఈయనతో నువ్వు మాట్లాడుతున్నావని ఈయన చెబుతున్నారు. నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేను పొయ్యి దగ్గర ఉన్నానని మళ్ళీ వద్దామనుకున్నావేమో. ఈయన కావాలంటే తీసుకో. నన్నడక్కుండా మాత్రం తీసుకోకు. ఆమేన్."

ఎవరూ ఆమేన్ అనలేదు. ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టలేదు. ఆటో నడిపే అతను తల వంచుకుని తన పళ్ళెం అంచు తుడుస్తూ కూర్చున్నాడు, అతని భార్య దేవరకొండలో ఉందని తర్వాత తెలిసింది. చివరికి పెద్దన్నే, పప్పు సల్లారుతున్నది తినున్రి అన్నాడు.

తిరుగు దారి

తెల్లారి లేచేసరికి మా ఆయన సంచి సర్ది గోడకు ఆనించి ఉంది. ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నారు. చాప పరవలేదు. పెద్దన్నతో మాట్లాడి వచ్చారట. ఏం చెప్పారని నేను అడగలేదు. వేరేది అడిగాను.

"ప్రభువు ఏమన్నాడు?"

"నిన్ను అడగమన్నాడు."

"అడగండి మరి" అన్నాను. ఉండిపోనా అంటారనే అనుకున్నాను.

ఆయన వేలికి చుట్టిన గుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నారు. తర్వాత అడిగారు. "నేను ఇంటికి రావచ్చా?"

ఆ ప్రశ్నకు సిద్ధంగా లేను. ఏడాదిపాటు నోటిదాకా వచ్చి మింగిన మాటలు చాలా ఉన్నాయి, వాటిలో ఏది ముందు చెప్పాలో తెలియలేదు. అందుకని ఏమీ చెప్పలేదు. ఆటోలో చెప్పలేదు. బస్టాండులో టీ కొట్టు దగ్గర చెప్పలేదు. ఆయన రెండు టీలు తెచ్చి ఒకటి నా చేతికిచ్చి, నా మొహం వంకే చూస్తూ తాగారు. అవతలివాళ్ళ మౌనంలో బతకడం ఎట్లా ఉంటుందో ఆ గంటన్నరలో ఆయనకు తెలిసే ఉంటుంది. తెలియనిమ్మనే ఊరుకున్నాను.

ఖమ్మం బస్సు వచ్చింది. కిటికీ పక్కన నేను కూర్చున్నాను. ఆయన సంచి పట్టుకుని సీటు పక్కనే నిలబడ్డారు, కూర్చోలేదు. కండక్టరు వచ్చి, "ఎంతమంది అమ్మా?" అని అడిగాడు.

"ఇద్దరం" అన్నాను.